బోనఫైడ్ అడగకండి: ఇంటి చదువుల కుటుంబాల ప్రణాళిక

మొన్న డిసెంబరులో మా జిల్లా కేంద్రంలో జరిగిన పిల్లల వైజ్ఞానిక ప్రదర్శనలో మా పిల్లలకు బల్ల ఇవ్వలేదు. పిల్లలు తెచ్చిన చార్టులు తెచ్చినట్టే చుట్టుకుని వెనక్కి వచ్చారు. ఆ రోజు అక్కడున్న కుటుంబాలూ, సంగతి విని కలిసొచ్చిన కుటుంబాలూ కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది. కోపం చల్లారాక రాద్దామని కొందరు పెద్దలు చెప్పారు. చల్లారితే ఇదీ మా పాత అర్జీల్లో కలిసిపోతుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాం.

ఆ పిల్లల్లో ఒక పన్నెండేళ్ళ అమ్మాయి ఉంది. ఉగాది నాటి నుంచి తమ ఊరి చెరువు తూము పక్కనున్న రాతి మెట్లకు ఎర్ర రంగుతో గీతలు పెట్టి, ప్రతి ఆదివారం నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చింది. తూము మూసి ఉన్న వారాల్లో కూడా నీళ్ళు దిగుతున్నాయని గమనించింది. అప్పుడు డాబా మీద స్టీలు బేసిన్ పెట్టి, ఎండకు అందులో ఎంత ఆవిరవుతోందో స్కేలుతో కొలిచింది. బేసిన్‌లో తగ్గినదానికన్నా చెరువులో తగ్గింది ఎక్కువ. మిగతా నీళ్ళు నేలలోకి ఇంకుతున్నాయా, కట్ట కింద ఎక్కడైనా కారుతున్నాయా అన్నది ఆమె ప్రశ్న. చార్టులో కింది మూల 'ఇది ఇంకా తేలలేదు' అని రాసి పెట్టింది. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఆ పిల్లకు బల్ల ఇచ్చి ఉండాల్సింది.

"ఏ స్కూలమ్మా?" అని అడిగారు.

"ఇంట్లోనే చదువుకుంటాను సార్."

"గైడ్ టీచర్ ఎవరు మరి?"

"మా తాతయ్య సార్. మా ఊరి నీరటి."

నీళ్ళు పంచే నీరటిగా ఆ చెరువు అలుగు ఎప్పుడు పారిందో, ఏ ఏడు ఏ మడి ఎండిందో కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి పేరు ఆ ఫారంలో రాయడానికి చోటు లేదు. రిజిస్టరులో ఆ అమ్మాయి పేరు పక్కన 'డ్రాపౌట్' అని రాశారు. తర్వాత వాళ్ళమ్మను పక్కకు పిలిచి, మంచి మాట చెబుతున్నట్టే చెప్పారు: "ఏదో ఒక స్కూల్లో పేరు రాయించండి మేడమ్. రోజూ పంపక్కర్లేదు. బోనఫైడ్ సర్టిఫికెట్ వాళ్ళే ఇస్తారు."

బల్ల ఇవ్వకపోవడం కన్నా ఈ సలహానే మమ్మల్ని ఎక్కువ రగిలించింది. పేరు ఒకచోట, చదువు ఇంకోచోట ఉండటం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. ఇంటర్ పిల్లల్లో ఎందరి హాజరు పట్టీలు ఎవరు నింపుతున్నారో ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆ దొంగ హాజరుకు ముద్ర పడుతుంది, అది చెల్లుతుంది. నిజం చెప్పిన పిల్ల మాత్రం డ్రాపౌట్ అవుతుంది. పన్నెండేళ్ళ పిల్ల ముందు నిలబడి అబద్ధం ఆడమని తల్లికి నేర్పే వ్యవస్థతో మాకు పేచీ ఉంది. ఆ పేచీ తెగేదాకా వదలం.

మేం ఎవరం అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. మాలో 'రైలుబడి' చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు, గిజుభాయిని, జాన్ హోల్ట్‌ను చదివి వచ్చినవాళ్ళున్నారు. ఏ పుస్తకమూ చదవకుండా, పొద్దున్నే బస్సు హారన్ వినగానే వాంతి చేసుకునే బిడ్డను చూసి ఆపేసినవాళ్ళే అందరికన్నా ఎక్కువ. పంతుళ్ళున్నారు, రైతులున్నారు, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు, టైలరింగ్ చేసుకునే ఒంటరి తల్లులున్నారు. డబ్బున్నవాళ్ళ సరదా అని మా మీద వేసే ముద్రను మేం ఒప్పుకోం.

ఇంకో ఆక్షేపణ ఉంది: ఈ నేల మీద పిల్లను బడి మాన్పించడమే తప్పని. అది బరువైనది, దాన్ని దాటేసి పోలేం. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా గారు, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలు పత్తి చేలల్లోంచి, పశువుల వెంట నుంచి, వెట్టిలోంచి పిల్లలను విడిపించి బడికి చేర్చారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ళ సూత్రం. ఆ సూత్రం వేలాది బతుకులను మార్చింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చినప్పుడు గర్వపడినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఈ గడ్డ మీద బడి ఒక విడుదల. ఏ తండ్రీ మా పేరు చెప్పి బిడ్డను కూలికి పంపడానికి వీల్లేదు, పెళ్ళి చేసి పంపడానికి అసలే వీల్లేదు. అలాంటి ఇంటికి అధికారులు వెళ్తే వాళ్ళ పక్కన మేం నిలబడతాం. మా ఇంటికీ రండి. పిల్ల ఏం చదువుతోందో, ఏం రాస్తోందో, ఏం తింటోందో చూడండి. మేం తలుపు మూయడం లేదు. పిల్లను చూడకుండా ఫారంలోని గడిని చూసి తీర్పు చెప్పొద్దంటున్నాం, అంతే.

మా సూత్రాలు కొద్దే. పిల్లలకు అబద్ధం నేర్పం, దొంగ పేర్లు రాయించం. బడినీ, బడి పంతుళ్ళనూ తూలనాడం. మాలో చాలామందిని మనుషుల్ని చేసింది సర్కారు బడే. ఇంటి చదువు భారమంతా తల్లి నెత్తిన వేసి, అదే ఆదర్శమని చెప్పుకునే తండ్రిని మా సభల్లో మాట్లాడనివ్వం. ఇంట్లో తెలుగు చదవడం, రాయడం రాని పిల్లలను తయారుచేసి ప్రపంచ పౌరులని మురిసిపోం. పరీక్షకు భయపడం, గడికి లొంగం.

మా ప్రధానమైన డిమాండు ఒక్కటే. దాని మీదే గట్టిగా నిలబడుతున్నాం. ప్రజల డబ్బుతో పిల్లల కోసం జరిగే ఏ ప్రదర్శనకైనా, పోటీకైనా, పరీక్షకైనా, ప్రవేశానికైనా బోనఫైడ్ లేని చోట పుట్టిన తేదీ సర్టిఫికెట్‌నూ, నివాస ధ్రువీకరణనూ అంగీకరించాలి.

ఇది కొత్త కోరిక అనుకునేవాళ్ళు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తీసి చదవండి. 371-డి అధికరణం కింద, విద్యాసంస్థల్లో ప్రవేశాల కోసం వచ్చిన ఉత్తర్వు అది. లోకల్, నాన్‌లోకల్ అని మన పిల్లల తలరాత తేల్చేది అక్కడే మొదలైంది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు స్థానిక ప్రాంతంలో చదివినవాళ్ళు లోకల్ అన్నది అందరికీ తెలిసిన ముక్క. దాని కిందే ఇంకో క్లాజు ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఆ నాలుగేళ్ళలో పూర్తిగా గానీ, కొంత కాలం గానీ ఏ విద్యాసంస్థలోనూ చదవని అభ్యర్థి, పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివసించి ఉంటే లోకలే అని అందులో ఉంది. ఆ తర్వాత నిబంధనలు మారాయి, రాష్ట్రం రెండయింది, కోర్టుల్లో కేసులు నడిచాయి. అయినా ఒక్క విషయం మిగిలింది. బడికి వెళ్ళని విద్యార్థి ఉంటాడని, అతనికీ హక్కు ఉంటుందని, ఆ హక్కును నివాసంతో తేల్చవచ్చని యాభై ఏళ్ళ కిందటే ఈ దేశ రాష్ట్రపతి సంతకంతో ఒప్పుకున్నారు. ఇంజనీరింగు సీటు దగ్గర ఒప్పుకోగలిగినదాన్ని సైన్సు ఫెయిర్‌లో ఒక బల్ల దగ్గర ఎందుకు ఒప్పుకోలేరు?

చదరంగం వయసు పోటీలకు వెళ్తే పుట్టిన తేదీ చూస్తారు. పిల్ల ఎత్తు వేయగలదా లేదా అన్నది బోర్డు మీద తేలుతుంది. మా ఇంటర్ బోర్డు కూడా కాలేజీలో చదవకుండా, హాజరు మినహాయింపు ఫీజు కట్టి, ప్రైవేటుగా ఆర్ట్స్ గ్రూపుల పరీక్షలు రాయనిస్తుంది. సైన్సు గ్రూపులకు మాత్రం ఆ దారి లేదు, ప్రాక్టికల్స్ ఉంటాయి గనక అంటారు. సరే, ప్రాక్టికల్స్ చేయించండి. జిల్లాకు ఒక సర్కారు కాలేజీ ప్రయోగశాలను సెలవుల్లో తెరవండి. ఫీజు మేం కడతాం, రికార్డులు మా పిల్లలు రాస్తారు. తలుపు ఇప్పటికే సగం తెరిచి ఉంది, మిగతా సగం తెరవమంటున్నాం.

తెరవకపోతే ఏమవుతుందో కూడా మేం చూశాం. 2018లో నీట్ ప్రకటన ఓపెన్ స్కూలు పిల్లలకు అర్హత లేదంది. ఆ నిబంధనను ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది కొట్టేసింది. అయినా వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2024లో గానీ తేలలేదు. డాక్టరు కావాలనుకున్న ఒక పిల్ల పదో తరగతి నుంచి కాలేజీ వయసు దాటేదాకా పట్టే కాలం అది. ఇప్పుడు బడి పిల్లలకు పెన్ నంబరు, అపార్ నంబరు వచ్చాయి. ప్రభుత్వ డేటాబేసు యూడైస్‌లో బడివాళ్ళు పేరు ఎక్కిస్తేనే పిల్లకు నంబరు. నంబరు లేని పిల్లలకు రేపు ఏ తలుపు మూసుకుంటుందో ఎవరూ చెప్పడం లేదు. మూసుకున్నాక కొట్లాడటం మాకు ఇష్టం లేదు.

విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ మాకు చూపిస్తారు. పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో ఉంది, మేం కాదనం. ఆ చట్టంలో తల్లిదండ్రులకు శిక్ష లేదు. ఎందుకు లేదో చట్టం చేసినవాళ్ళకు తెలుసు. మేం ఆ సందులో దాక్కుని బతకాలనుకోవడం లేదు. ఇంటి చదువును గుర్తిస్తూ, ఏటా ఒకసారి పిల్లను కలిసి మాట్లాడే పద్ధతి పెట్టి, చట్టంలో ఒక స్పష్టమైన నిబంధన రాయండి. ఆ పద్ధతికి మేమే ముందు సంతకం పెడతాం.

మేం కోరుకునే రేపు ఇంతకన్నా పెద్దది. ప్రతి మండలంలో గ్రంథాలయం రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉండే రోజు కావాలి. హైస్కూలు ప్రయోగశాల ఆదివారం ఊరి పిల్లలందరిదీ కావాలి. నీరటి, కుమ్మరి, ఏఎన్ఎమ్, లైన్‌మన్, విత్తనం దాచే ముసలమ్మ, వీళ్ళందరి పేర్లూ గురువుల జాబితాకు ఎక్కే రోజు రావాలి. బడిలో చదివే పిల్ల ఏడాదిలో నెల రోజులు ఊళ్ళో నేర్చుకుంటుంది, ఇంట్లో చదివే పిల్ల నెల రోజులు బడికి వచ్చి కూర్చుంటుంది. ఇద్దరినీ ఎవరూ ఏ స్కూలని అడగరు. ఏం చూశావు, ఏం తేల్చావు, ఏది ఇంకా తేలలేదు అని అడుగుతారు. బడికీ ఇంటికీ మధ్య గోడ లేని తెలుగు నేల మాకు కావాలి. దాన్ని మా పిల్లలు కట్టి తీరతారు.

ఇక మాలాంటి కుటుంబాలకు, ముఖ్యంగా ఈ ఏడే బడి మాన్పించి రాత్రుళ్ళు నిద్రపట్టని తల్లులకు నాలుగు మాటలు చెప్పాలి.

మొదటి నెలల్లో పిల్లవాడు ఏమీ చేయడు. తింటాడు, పడుకుంటాడు, గోడ వైపు చూస్తాడు. కంగారుపడి ఇంట్లో గంట కొట్టి టైంటేబుల్ అంటించకండి. బడిలో పట్టిన బెరుకు వదలడానికి కాలం పడుతుంది. ఎనిమిదేళ్ళొచ్చినా చదవడం రాలేదని మీ అత్తగారు "బిడ్డ బతుకు ఆగం చేస్తున్నవే" అంటే వాదన పెట్టుకోకండి. రోజూ రాత్రి ఆమెనే కథ చెప్పమనండి, పిల్ల దాన్ని తిరిగి చెప్పే మాటల్లోనే మీరు కాగితం మీద పెట్టండి, మర్నాడు ఆ కాగితం పిల్ల చేతికివ్వండి. తన మాటను తాను గుర్తుపట్టి చదివిన పిల్లలను మా ఇళ్ళలో చూశాం. రైతుబజారుకు సంచీ ఇచ్చి పంపండి. పావుకిలో, ముప్పావుకిలో, మిగిలిన చిల్లర, ఇవన్నీ అక్కడే వస్తాయి. తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ళ బొమ్మల పుస్తకాలు చవక, తెప్పించుకోండి.

దారులు మూసుకుపోయాయని ఎవరైనా భయపెడితే వినకండి. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లను ఎప్పుడు తీసుకెళ్ళినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. అంటే వెనక్కి వెళ్ళే తలుపు తెరిచే ఉంది, వెళ్ళడం ఓటమి కాదు. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం 1989 నుంచి ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి చేరవచ్చు, అయిదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, తెలుగు మీడియం ఉంది, అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు రాసే వీలుంది. ఒక సబ్జెక్టు ఈసారి, ఇంకోటి పైసారి రాసినా పరువేమీ పోదు. మన పిల్లలు ఎవరితోనూ పందెం వేసుకోలేదు.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ప్రాణాలు తీసుకున్న పిల్లలను మేం మా వాదనకు వాడుకోం. అది వాళ్ళ తల్లిదండ్రుల దుఃఖం. కానీ ఆ ఏప్రిల్ తర్వాత కూడా మార్కుల మెమోనే పిల్లకు ఆధారం అనేవాళ్ళతో మేం ఏకీభవించలేం.

ఈ ప్రణాళికతో ఏకీభవించే ప్రతి కుటుంబానికీ మా విన్నపం ఇది. డమ్మీ అడ్మిషన్ తీసుకోకండి, తీసుకుని ఉంటే వదులుకోండి. ఈ నెలలోనే మీసేవలో నివాస ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్ నకళ్ళు సంచీలో ఉంచుకోండి. ఎక్కడ బోనఫైడ్ అడిగినా లేదని నెమ్మదిగా చెప్పి, ఎందుకు కాదంటున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. పిల్ల ముందే అడగండి, గొంతు పెంచకండి. ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి కలెక్టరు గారి దగ్గరికి, అక్కడ పని కాకపోతే హైకోర్టుకు మనమే తీసుకెళ్దాం.