తూటా మూతి నొక్కితే గురి కుదురుతుందా?

2012 జులై 30. లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. అందులో మందుండదు... సీసపు పెల్లెట్‌ని గాలే తోస్తుంది. అదే ఒలింపిక్స్‌లో అతను 50 మీటర్ల పోటీల్లోనూ దిగాడు. అక్కడ వాడేది పాయింట్ టూటూ తూటా. దాని ఇత్తడి గొట్టం అంచుని గుండు చుట్టూ ఫ్యాక్టరీలోనే నొక్కేస్తారు. ఆ నొక్కే 'క్రింప్'.

పెద్ద రైఫిళ్ల సంగతి వేరు. విదేశాల్లో చాలామంది కాల్చేసిన గొట్టాల్లో ఇంట్లోనే మళ్లీ మందు నింపుకుంటారు. (మన దగ్గర లైసెన్సు లేకుండా అలా చేస్తే 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు!) నొక్కాలా వద్దా అన్నది వాళ్ల మధ్య తెగని పంచాయితీ.

నిజానికి నొక్కు పని గురి కాదు, పట్టు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మ్యాగజైన్‌లో మిగిలిన తూటాల గుండ్లు జరిగిపోకుండా ఆపుతుంది. సైన్యం తూటాలకు అందుకే అది కావాలి. ఒక్కొక్కటే పెట్టి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీదారులు ఎక్కువమంది దాని జోలికి పోరు. గొట్టాల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒకదానికి గట్టిగా, ఇంకోదానికి వదులుగా పడుతుంది. దాంతో గుండు వేగమూ మారుతుంది. గాడి లేని గుండైతే సొట్టపోతుంది కూడా.

తేలికపాటి నొక్కుతో తమ రైఫిల్ బాగుపడిందనేవాళ్లూ ఉన్నారు. తేల్చాల్సింది టార్గెట్ కాగితమే. 50 మీటర్ల షూటర్లు చేసేదీ అంతే. రైఫిల్‌ని కదలకుండా బిగించి, ఒక్కో లాట్ తూటాలు కాల్చి, రంధ్రాలు దగ్గరదగ్గరగా పడ్డ లాట్‌నే పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. అక్కడ 10 పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే మరి!