అగ్నిపరీక్షకులకు పరీక్ష యేది?

హైదరాబాదు సికిందరాబాదు జంటనగరములలో గడచిన కొన్ని సంవత్సరములుగ సంభవించిన అగ్నిప్రమాదములను వరుసగ జ్ఞప్తికి దెచ్చుకొన్నచో గుండె చెఱువగును. 2022 మార్చిలో భోయిగూడ గిడ్డంగియందు 11 మంది బీహారు కూలీలు నిద్రలోనే మడిసిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో సికిందరాబాదున, క్రింద విద్యుద్వాహనముల దుకాణమును పైన వసతిగృహమును గల కట్టడమున 8 మంది పొగకు బలియైరి. 2023 మార్చిలో స్వప్నలోక్ సముదాయమున 6 గురు యువతీయువకులు, నవంబరులో నాంపల్లి బజారుఘాటున 9 మంది, 2025 మే 18వ తేదీన చార్మినారు చెంత గుల్జారుహౌజున ఒకే కుటుంబమునకును దాని బంధువర్గమునకును చెందిన 17 గురు అసువులు బాసిరి. ఈ కడపటివారిలో 8 మంది పసిబిడ్డలు.

ప్రతి పర్యాయమును జరుగు తంతు మా పాఠకులకు తెలిసినదే. మంత్రులు వత్తురు. నష్టపరిహారము ప్రకటింతురు. విచారణకు ఉత్తరువు లిత్తురు. కొన్నినాళ్లు నగరమంతట తనిఖీల సందడి సాగును. ఇక అగ్ని యెట్లు పుట్టెనను ప్రశ్నకు పెక్కు సందర్భములలో బూడిద చల్లారకమునుపే జవాబు దొరకుచున్నది: "షార్టుసర్క్యూటు అయియుండవచ్చును." ఈ "అయియుండవచ్చును" అనునది రెండవనాటికి "అయినది"గ మాఱును. మూడవ వారమున ఎవ్వరును దానిని తలపరు. ఆ మాట పలికిన యుద్యోగి యెవరు, దానిని నిర్ణయించుటకు ఆయన యే శాస్త్రము నభ్యసించెను, ఏ పరీక్షయందు కృతార్థు డయ్యెను అని యడిగినవారిని మేము చూడలేదు. వైద్యునకు పట్టా కావలయును. వకీలునకు సన్నదు కావలయును. మోటారు నడుపువానికి లైసెన్సు కావలయును. పదునేడు ప్రాణము లెట్లు పోయెనో చెప్పువానికి మాత్రము ఉద్యోగపు హోదా చాలునట!

షార్టుసర్క్యూటు అనుట యెంత సులభమో, నిరూపించుట యంత కష్టము. నిప్పంటుకొనిన ఇంటియందు విద్యుత్తు ప్రవహించుచున్నచో, తీగల పైతొడుగు కాలి కరగినంతనే లోని రాగితీగలు ఒండొంటికి తగిలి, మెఱసి, కొనలయందు పూసలుగ గడ్డకట్టును. అనగా నిప్పు వంటయింటిలోనో, ధూపపుగిన్నెలోనో, ఆర్పక పాఱవేసిన చుట్టముక్కలోనో పుట్టినను, ఆ యింట షార్టుసర్క్యూటు గుఱుతులు కనబడుట సహజము. ఆ రాగిపూస నిప్పునకు తల్లియా, బిడ్డయా? దీనిని తేల్చుటకు ఏ గదిలోని తీగ ముందు తెగినది, ఫ్యూజులలో నేది యెప్పుడు పడిపోయినది, తీగ మోయదగిన భారమెంత, మోసిన భారమెంత యని వరుసగ పరిశీలింపవలయును. బూడిదను పొరలు పొరలుగ తొలగించి ప్రతి పొరను చిత్రించుకొనవలయును. నీళ్లు చిమ్మి, శిథిలములను జేసీబీతో త్రోసివేసిన పిదప ఈ పని యెవరికిని సాధ్యము గాదు. కాని మనయందు మొదట వచ్చునది జేసీబీయే.

మఱియొక విశేషము గమనింపదగును. షార్టుసర్క్యూటు అను నిర్ణయము ఎవ్వరిని నొప్పింపదు. విద్యుత్తునకు నోరు లేదు. యజమానికి చిక్కు లేదు, అనుమతి నిచ్చినవానికి చిక్కు లేదు, పరిశోధకునకు శ్రమ లేదు. నిజమునకు ఆ మాట విచారణకు మొదటిమెట్టు కావలసినది, తుదిమెట్టుగ వాడబడుచున్నది. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాల తగులబడి 59 మంది చనిపోయినప్పుడు గూడ విద్యుత్తు లోపమే యని చెప్పి ఊరకుండవచ్చును. ఊరకుండలేదు. శాల క్రిందిభాగమున వాహనములు నిలుపుచోట నున్న ట్రాన్స్‌ఫార్మరునకు ఆ యుదయమే మరమ్మతు జరిగెననియు, సరియైన సాధనముతో బిగింపక సుత్తితో పని కానిచ్చిరనియు, అందుచే కేబులు కొన వదులై జాఱి నూనెగొట్టపు రెక్కను కోసెననియు, కాఱిన నూనె యంటుకొని కార్లకు ప్రాకెననియు తేలినది. పైన బాల్కనీ దారులు అదనపు కుర్చీలతో మూతపడుటయు తేలినది. కారణము ఇట్లు గొలుసుగ తెలిసినప్పుడే ప్రతి లంకెకును ఒక మనుష్యుడు జవాబుదారి యగుచున్నాడు. మరమ్మతు చేసినవారు, శాల యజమానులు, నిరభ్యంతరపత్ర మిచ్చిన అగ్నిమాపక శాఖాధికారి న్యాయస్థానమున దోషులుగ నిలిచిరి.

అజ్ఞానము ఒకవైపున దోషిని విడిచిపెట్టుచుండ, మఱియొకవైపున నిర్దోషిని చెఱసాలకు పంపును. మా పాఠకులలో భూవసతి గలవారికి గడ్డివాము కాలిన కథలు క్రొత్తవి కావు. కక్షలున్న యూర వాము అంటుకొన్నచో తెల్లవారకమునుపే ఎదిరిపక్షమువాని పేరు ఠాణాలో వ్రాయబడును. కాని తడి యాఱని గడ్డిని కుప్ప వేసినయెడల, అందలి సూక్ష్మజీవుల చేష్టచే లోపల వేడి పుట్టి, సుమారు 70 డిగ్రీల వఱకు పెరిగి, ఆ పిమ్మట రసాయనికముగ హెచ్చి, కొన్ని వారములకు తనంతతానే రగులుకొనుట కలదని శాస్త్రజ్ఞు లెఱుగుదురు. అది యే యగ్గిపుల్లయు నెఱుగని నిప్పు. కాలిన ప్రతి వామియు నట్టిదని మే మనము. చూచి చెప్పగలవా డొకడు జిల్లాకు కావలయు ననుచున్నాము. గృహదహన నేరమునకు యావజ్జీవ కారాగారము వఱకు శిక్ష యుండగా, ఆ నేరము జరిగెనా లేదా యని చెప్పు సాక్షికి శాస్త్రజ్ఞాన మక్కఱలేదా?

ఇది పల్లెటూళ్ల సంగతి యని నవ్వుకొనువారు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జరిగినది వినవలయును. 1991 డిసెంబరు 23వ తేదీన కోర్సికానా పట్టణమున ఒక యిల్లు కాలి ముగ్గురు పసిపాపలు చనిపోయిరి. తండ్రియగు కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ వెలుపలికి రాగలిగెను. నేలపై గుంటలువడిన కాలుగుఱుతులు పెట్రోలువంటి ద్రవము పోసినందుకు నిదర్శనములనియు, సాలెగూటివలె పగిలిన కిటికీ అద్దములు అతివేడికి సాక్ష్యమనియు పరిశోధకులు చెప్పిరి. 1992లో మరణశిక్ష పడినది. 2004 ఫిబ్రవరి 17వ తేదీన దానిని అమలు జరిపిరి. శిక్షకు కొలదిదినములకు ముందే జెరాల్డ్ హర్‌స్ట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ గుఱుతులలో నొక్కటియు పెట్రోలును రుజువు చేయదని నివేదిక వ్రాసెను. ఆగలేదు. 2009లో ఆ రాష్ట్రపు విజ్ఞానసంఘమే నియమించిన క్రెయిగ్ బేలర్ అను నిపుణుడు, ఇల్లు కాల్చిరను నిర్ణయమునకు శాస్త్రీయాధారము లేదని తేల్చెను. విల్లింగ్‌హామ్ నిజముగ నిర్దోషియా యనునది పరమేశ్వరు డెఱుంగును. ఏ సాక్ష్యముపై నాతని ప్రాణము తీసిరో అది శాస్త్రము గాదనుట మాత్రము లోకమెఱిగినది.

ఆ సాక్ష్యము శాస్త్రము గాదని అప్పటికే తెలిసియుండవచ్చును. 1990లో ఫ్లోరిడా రాష్ట్రపు జాక్సన్‌విల్ పట్టణమున ఇల్లు కాలి ఆఱుగురు చనిపోగా గృహస్థునిపై నేరము మోపిరి. ప్రాసిక్యూషను పక్షము పిలిపించిన నిపుణులు తమ వాదమును స్థిరపఱచుకొనుటకై ప్రక్కనున్న అట్టి యింటినే 1991లో ప్రయోగార్థము కాల్చిచూచిరి. పెట్రోలు బొట్టైనను వాడలేదు. సోఫా కంటించిన నిప్పు ఐదు నిమిషములైనను గడవకమునుపే గది నంతటిని ఒక్కుమ్మడి క్రమ్ముకొనినది. నేలపై ఆ గుఱుతులే కనబడినవి. కేసు ఉపసంహరింపబడినది. ఇంటికప్పు క్రింద కూడిన వేడివాయువుల వలన గదిలోని సమస్తవస్తువులును ఏకకాలమున మండుటయే దీనికి కారణము. ఆ యవస్థ తటస్థించిన పిదప నిప్పు పుట్టినచోటు కనుగొనుట యనుభవజ్ఞులకును దుర్ఘటము. 2005లో లాస్‌వేగస్‌న 53 గురు పరిశోధకులకు అట్లు కాలిన రెండు గదులను చూపి, ఒక్కొక్కదాని నాలుగు భాగములలో నిప్పు ఎచ్చట పుట్టెనో చెప్పుడనిరి. మొదటి గదిలో సరిగ చెప్పినవారు ముగ్గురు, రెండవ గదిలోను ముగ్గురే. కన్నులు మూసికొని వ్రేలు చూపినను అంతకంటె నెక్కువమంది గెలిచియుందురు!

అమెరికనుల యందు మెచ్చదగిన దేమనగా, ఈ యవమానమును వారు దాచుకొనలేదు. జాతీయ అగ్నినివారణ సంఘము 1992లో 921 అను సంఖ్యతో పరిశోధనా మార్గదర్శిని ప్రకటించెను. పరిశోధకునకు ఉండదగిన యోగ్యతలను గూర్చిన 1033వ ప్రమాణమును కాలక్రమమున బిగించి, అగ్నిరసాయనము, ఉష్ణగతిశాస్త్రము, విద్యుత్తు, ప్రేలుడుల స్వభావము మున్నగువానియందు నిత్యనూతన జ్ఞానము ఉండవలెనని విధించెను. కట్టడములను తనిఖీ చేయువారికి 1031వ ప్రమాణము వేఱుగ నేర్పడెను. అంతర్జాతీయ పరిశోధకసంఘ మొకటి అనుభవమును, శిక్షణమును, పరీక్షను చూచి యోగ్యతాపత్ర మిచ్చి, ఐదేండ్ల కొకసారి దానిని పునరుద్ధరింపు మనుచున్నది. అయినను పత్రము చేతనున్నంతనే జ్ఞానము వచ్చునని మేము భ్రమపడము. టెక్సాసున సాక్ష్యము పలికినవారిలో రాష్ట్ర అగ్నిశాఖయందు ఉన్నతోద్యోగి గలడు. కావుననే ఒకమాఱు కృతార్థుడైన చాలునను పరీక్షకంటె, మాటిమాటికి వచ్చు పరీక్ష ముఖ్యము. న్యాయస్థానమున ఆ పరీక్షాఫలితములను ప్రశ్నించు హక్కు నిందితునకు ఉండుట అంతకంటె ముఖ్యము.

మన దేశమున శిక్షణ లేదని యనరాదు. జాతీయ అగ్నిమాపక కళాశాల 1956లో రామపురమున వెలసి, మఱుసటి సంవత్సరమే నాగపురమునకు మాఱి, తరతరముల యధికారులను తీర్చిదిద్దినది. ఆ కళాశాల పెంచిన ధీరులు ఎన్నియో ప్రాణములు కాపాడిరి. అయితే మంట నార్పుట యొక విద్య, మంట రాకుండ చూచుట యింకొకటి, వచ్చిన మంట పుట్టువును కనుగొనుట మూడవది. గొట్టము పట్టి పొగలో దూఱు శూరుడు నక్షాలు చదివి మెట్లదారి వెడల్పు లెక్కకట్టగలడని నియమము లేదు. నిరభ్యంతరపత్రముపై సంతకము చేయుటకు గాని, అగ్నికారణ నివేదిక వ్రాయుటకు గాని ప్రత్యేకపరీక్షలో నెగ్గి తీరవలెనని దేశవ్యాప్తముగ విధించు శాసనము మనకు లేదు. ఇదియే లోపము.

తనిఖీ యనగా గోడకు వ్రేలాడు ఎఱ్ఱసిలిండర్లను లెక్కించుట కాదు. 2022లో సికిందరాబాదు వసతిగృహమున మనుష్యులను చంపినది మంటకంటె పొగ. క్రిందనుండి పైకి పోవు ఒంటరి మెట్లదారి పొగగొట్టమైనది. లిథియము బ్యాటరీలు మండుతీరు, ఆర్పిన పిదపను తిరిగి రగులుకొనుట, పాతకాలపు పాఠములలో లేవు. ఇట్టివి తెలియని ఇన్స్పెక్టరు నిజాయితీపరుడైనను ప్రయోజనమేమి? నిజాయితీ లేనివానిని గూర్చి చెప్ప నక్కఱలేదు. 2024 మే 25వ తేదీన రాజకోటలోని ఆటలశాలలో 27 గురు దగ్ధమైనపుడు ఆ శాలకు అగ్నిమాపక శాఖ పత్రమే లేదని బయటపడెను. ఉపహార్‌న చూడక యిచ్చిన పత్రము, రాజకోటలో పత్రమే లేని వ్యాపారము. రెండును ఒకే రోగము.

మహారాష్ట్రము 2006 చట్టముచే లైసెన్సు పొందిన సంస్థలు ఆఱు నెలల కొకసారి కట్టడముల అగ్నిసాధనములను పరీక్షించి ధ్రువపఱచు పద్ధతి నేర్పఱచినది. ఉద్యోగుల కొఱతను తీర్చుట కిది యుపాయమే. కాని ధ్రువపత్ర మిచ్చువానికి సొమ్ము చెల్లించునది కట్టడపు యజమాని. కూలి యిచ్చినవానికి కోపము వచ్చు మాట వ్రాయుట యెంతమందికి సాధ్యము? తెలుగు రాష్ట్రము లీ పద్ధతి ననుసరింపదలచినచో, రుసుమును ప్రభుత్వమే వసూలుచేసి, పరీక్షకుని చీటివేసి నియమించుట మేలు.

అగ్నిమాపకము రాష్ట్రములకును పురపాలక సంఘములకును చెందిన విషయము. కేంద్రము సలహా మాత్ర మీయగలదు. 2019లో ఒక మాదిరి చట్టమును పంపినది, 2023లో 5,000 కోట్ల రూపాయల విస్తరణ పథకమును ప్రకటించినది. ఈ ధనముతో మెఱయు వాహనములు కొనుట కెవ్వరును బోధింపనక్కఱ లేదు. అందలి కొంతభాగమును తనిఖీదారుల, పరిశోధకుల శిక్షణమునకు ప్రత్యేకింపుడని మేము కోరుచున్నాము. ఉన్న యధికారులకు అన్యాయ మగునని యొక యాక్షేపణ వచ్చును. వారికి మూడేండ్ల గడువిచ్చి, జీతముతో చదివించి, పరీక్షకు కూర్చుండబెట్టుడు. నెగ్గినవారికి భత్యము హెచ్చింపుడు.

తొందరపడుటకు హేతు వొకటి కలదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 176వ విభాగము, ఏడేండ్లు గాని అంతకెక్కువ గాని శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమునకు పోయి తీరవలెనని విధించుచు, ఏర్పాట్లకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. గృహదహన మందు చేరును. గడువు 2029 మధ్యభాగమున తీఱును. నాడు కాలిన యింటి ముందు నిలుచు నిపుణుడు ఎవరు? వ్రేలిముద్రలు తీయుట నేర్చినవానినే పంపి, అతడు పంచనామాలో షార్టుసర్క్యూటు అని వ్రాసికొని వచ్చుటయా? రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలలో అగ్నిపరిశోధన విభాగమునకు ఎన్ని యుద్యోగములు మంజూరైనవి, అందెన్ని ఖాళీగ నున్నవి, వారి పరీక్ష యేది యని రాబోవు బడ్జెటు సమావేశములలో రెండు శాసనసభల సభ్యులును తమ తమ మంత్రుల నడుగవలయును.