బెయిలొచ్చింది... విడుదలేదీ?

శ్రీకాకుళం జిల్లా నుంచి తాపీపనికి వేరే రాష్ట్రం వెళ్లిన మనిషి ఒకడున్నాడనుకోండి. ఏదో చిల్లర దొంగతనం కేసులో పోలీసులు పట్టుకెళ్లారు. అతను చేశాడో లేదో ఇంకా తేలలేదు. పదిరోజులకి మేజిస్ట్రేటు బెయిలిచ్చారు. ఊళ్లో ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఇరవై వేల చొప్పున ఇద్దరు జామీను ఉండాలట. ఇద్దరూ ఆ జిల్లావాళ్లే అయి ఉండాలట. ఆస్తి కాగితాలు చూపించాలట. అతనికి అక్కడ తెలిసిందల్లా ఒక్క మేస్త్రీ. ఆ మేస్త్రీ ఫోనెత్తడం మానేశాడు.

కాగితం మీద బెయిలొచ్చింది. మనిషి మాత్రం జైల్లోనే ఉన్నాడు.

మన దగ్గర జామీనంటే సాధారణంగా డబ్బు ముందే కట్టేయడం కాదు. నిందితుడు వాయిదాకి రాకపోతే ఇంత సొమ్ము కడతానని మరొకరు పూచీ పడటం. వినడానికి తేలికే. కానీ పొలం పాసుపుస్తకమో, ఇంటిపన్ను రసీదో పట్టుకుని కోర్టుకొచ్చే చుట్టం ఎంతమంది కూలీలకు ఉంటాడు? లేనివాళ్లు అప్పుచేసి, డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్ల దగ్గరికి వెళ్తారు. అదీ కుదరనివాళ్లు లోపలే ఉంటారు.

ఈ చిక్కు మీద సుప్రీంకోర్టు 1978లోనే గట్టిగా మాట్లాడింది. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టే బెయిలిచ్చినా, కింది మేజిస్ట్రేటు పదివేలకు జామీను అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందంటూ కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు కోపమొచ్చింది. ఒక తెలుగువాడో, తమిళుడో బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని తీర్పులోనే నిలదీశారు. చివరికి మోతీరామ్‌ను వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు.

మరుసటి ఏడాది, 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహారు జైళ్లలో మగ్గుతున్నవాళ్ల గురించి పత్రికలో వచ్చిన కథనాలు పట్టుకుని న్యాయవాది కపిలా హింగోరాణి కోర్టుకెక్కారు. నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువకాలం విచారణ పేరుతో లోపల గడిపినవాళ్లు బయటపడ్డారు. ఊళ్లో ఇల్లు, పెళ్లాంబిడ్డలు, పని ఉన్న మనిషి పారిపోడనుకుంటే, జామీను లేకుండా సొంత పూచీకత్తు మీదే పంపొచ్చని జస్టిస్ భగవతి చెప్పారు.

'అందర్నీ అలా వదిలేస్తే వాయిదాలకు ఎవరొస్తారు?' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ జామీను కోరేది మనిషి కోర్టుకొస్తాడన్న నమ్మకం కోసం. డబ్బున్నవాడు పారిపోడనీ, లేనివాడు పారిపోతాడనీ ఎక్కడా రాసిలేదు.

2006 నుంచి చట్టమూ మారింది. బెయిలబుల్ నేరంలో అరెస్టయినవాడు వారంలోగా జామీను తేలేకపోతే అతన్ని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలి. 2024 జులై 1న వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ మాట ఉంది. ఇక 2023 జనవరిలో సుప్రీంకోర్టు మరో మెట్టెక్కింది. బెయిలొచ్చి వారమైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలంది. నెలలోగా జామీను తేలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే స్వయంగా చూడొచ్చంది. స్థానికుడే జామీను ఉండాలని పట్టుబట్టడం వల్ల విడుదలలు ఆగుతున్నాయనీ, అలాంటప్పుడు ఆ షరతు పెట్టకపోవడం మంచిదనీ చెప్పింది. ఆ ఏడాదే కేంద్రం పేద ఖైదీల కోసం పథకం పెట్టి, జామీను కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల రూపాయల దాకా ఇవ్వొచ్చంది.

2022 ఆఖరుకి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అందరూ జామీను లేకే ఉన్నారనలేం. కానీ అలా ఆగిపోయినవాడి ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. కూలి పోతుంది. పిల్లల బడి ఆగుతుంది. చేయని నేరమైనా ఒప్పుకుని బయటపడదామన్న ఆలోచన మొదలవుతుంది.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి తమ్ముడో, మీ వీధి వాచ్‌మన్ కొడుకో ఇలా ఇరుక్కుంటే, ఊరికే 'అయ్యోపాపం' అనకండి. 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుంది. జిల్లా కోర్టుల్లో దాని ఆఫీసు ఉంటుంది. అర్హులకు వకీలు ఫీజు ఉండదు. జామీను తేలేకపోతున్నాం, షరతు తగ్గించండని కోర్టుకు అర్జీ పెట్టించవచ్చు. అడగొచ్చని తెలియకే చాలామంది ఆగిపోతున్నారు. ఆ ఒక్క మాట మీరు చెప్పినా చాలు.