పట్టా ఆమెది, ప్లాను ఎవరిది?

ఆ మధ్య మైపాడు దగ్గరి ఒక మత్స్యకార పల్లెలో పది పదిహేనుమంది స్త్రీలతో కూర్చున్నాను. ముగ్గుపిండి ఇచ్చి, మీ ఇంటి బొమ్మ నేల మీద గియ్యమన్నాను. ప్రభుత్వం మంజూరు చేసిన ఇల్లు నిమిషంలో గీసేశారు: ఒక హాలు, ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి, ముందు చిన్న వరండా. తర్వాత, పొద్దున లేచింది మొదలు మీరు పని చేసే చోట్లన్నీ గుర్తుపెట్టమన్నాను. గుర్తుల్లో సగానికి పైగా ఆ గీతల బయటే పడ్డాయి. చేపలు కడిగేది రోడ్డు పక్కన, ఎండబెట్టేది రోడ్డు మీద, కట్టెల పొయ్యి గోడ వెనక సందులో, వల బాగుచేసేది పక్కింటి మెట్ల మీద. ఒకామె నవ్వుతూనే అంది: "కాయితం నా పేర్నే ఉందమ్మా, బీరువాలో దాచిపెట్టుకోనుండా. చేపలు ఎండేసుకునేదానికి మాత్రం నాకు చోటు ల్యా."

ఆమె బీరువాలో దాచుకున్న కాగితం చిన్న విషయం కాదు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, పుట్టింటిని మగ వారసులు తమలో తాము పంచుకునేదాకా కూతురు తన వాటా విడదీయమని అడగటానికి వీల్లేదు. పెళ్లయి కాపురం చేసుకుంటున్న కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా లేదు. ఆ సెక్షన్‌ను తీసేయడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడు వచ్చిన గృహహింస చట్టం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఇచ్చింది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు స్త్రీ పేరున గాని, భార్యాభర్తలిద్దరి పేరున గాని ఇవ్వాలన్న నియమం వచ్చింది. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లక్షల ఇళ్లస్థలాల పట్టాలు స్త్రీల పేరునే ఇచ్చింది. ఇవన్నీ స్త్రీల పోరాటాల నుంచి వచ్చినవే. వీటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

అయితే ఇల్లు ఎవరిదో పట్టా చెబుతుంది. ఆ ఇంట్లో ఎవరు ఎలా బతకాలో ప్లాను నిర్ణయిస్తుంది. ఆ ప్లాను గీసేటప్పుడు ఆమెను అడిగిందెవరు?

లెక్క చూద్దాం. 2020లో గ్రామాల్లో ఇచ్చింది సెంటున్నర, అంటే సుమారు 653 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు పోతే మిగిలేది 313. చుట్టూ సందులకీ, మరుగుదొడ్డి గుంతకీ, మెట్లకీ పోగా వాకిలి అనేది పేరుకే మిగులుతుంది. పట్టణాల్లో ఇచ్చిన సెంటు స్థలంలో ఆ పేరు కూడా మిగలదు.

ఈ ప్లాను వెనక ఒక నమ్మకం ఉంది. ఇల్లంటే బయట పనిచేసి వచ్చినవాళ్లు తిని పడుకునే చోటు అని. అది ఉద్యోగస్తుడైన మగవాడి ఇల్లు. తీరంలో స్త్రీకి ఇల్లు పడుకునే చోటు మాత్రమే కాదు, అదే ఆమె పని స్థలం. పడవ ఒడ్డుకు చేరాక మగవాళ్ల పని చాలావరకు ముగుస్తుంది, ఆమె పని అప్పుడు మొదలవుతుంది. చేప ఏరాలి, కడగాలి, ఉప్పు పట్టించాలి, ఎండెయ్యాలి, వాన మబ్బు కనబడితే లోపలికి చేర్చాలి, గంపకెత్తి సంతకు మొయ్యాలి. యానాది స్త్రీ అయితే కట్టెలు, పీతల బుట్ట, నాలుగు కోళ్లు పెట్టుకునే చోటు కావాలి. దరఖాస్తులో ఈమెను "గృహిణి" అని రాసుకుంటాం. పని చేయదని రాసుకున్న మనిషికి పనిచేసే చోటు ఎవరు కేటాయిస్తారు?

పాత ఇల్లే మేలని చెప్పడం లేదు. తాటాకు ఇంటి చూరు నేలకు వంగి ఉండటం వల్ల గాలికి కొంత తట్టుకుంటుంది నిజమే. కానీ ఏటేటా ఆకు కప్పటం, నేల అలకటం, నిప్పు భయంతో బతకటం ఎవరి వంతో మనకు తెలుసు. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తుఫాన్లు తీరం దాటాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఇవన్నీ చూసిన స్త్రీలు స్లాబు ఇల్లే కావాలంటారు. వాళ్ల మాట సబబే. వాళ్లు అడిగేది స్లాబుతోపాటు పాత ఇంటికి ఉండిన పంచా, దొడ్డీ. సముద్రానికి దూరంగా కాలనీ కడితే ప్రాణభయం తగ్గుతుంది, గంప మోసే దూరం పెరుగుతుంది. ఆ రెండో లెక్క ఏ ఫైలులోనూ కనబడదు.

ఆడవాళ్లే ప్లాను గీస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే స్త్రీ ఒక వంటగదిని రూపొందించింది. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు నడుస్తుందో కొలిచి, శ్రమ తగ్గించాలనే మంచి ఉద్దేశంతోనే చేసింది. అయితే ఆ గదిలో ఒక్కరికే చోటు. ఆ ఒక్కరు ఆడమనిషే అయ్యారు. వంటపని ఆమెను నలుగురి నుంచి వేరుచేసిందని తర్వాతి తరం స్త్రీవాదులు విమర్శించారు. శ్రమను ఎవరెవరు పంచుకోవాలన్న ప్రశ్న వదిలేస్తే, ఎంత మంచి కొలతైనా పాత ఏర్పాటునే గట్టిపరుస్తుంది.

ఈ విమర్శలో నా వాటా కూడా ఉంది. సునామీ తర్వాత కట్టిన ఒక కాలనీ నమూనా మీద జరిగిన సమావేశంలో నేనూ కూర్చున్నాను. మరుగుదొడ్డి గురించి అడిగాను, పట్టా ఎవరి పేరున అని గట్టిగా అడిగాను. వాకిలి గురించి అడగలేదు. చదువుకున్న నాకు వాకిలి అంటే ముగ్గు వేసే చోటే గాని కూలి సంపాదించే చోటని తట్టలేదు. ఆ కాలనీకి తర్వాత వెళితే, స్త్రీలు రోడ్డు మీద చేపలు పరిచి, ఆటో వచ్చినప్పుడల్లా లేచి పక్కకు లాగుతున్నారు.

ఇప్పుడు మళ్లీ అవకాశం వచ్చింది. 2024లో అధికారంలోకి వచ్చిన కూటమి గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామని ఎన్నికల్లో వాగ్దానం చేసింది. ఆ వాగ్దానాన్ని అమలు చేయించుకోవటం ఒక పని. పెరిగిన స్థలాన్ని పెద్ద హాలు మింగేయకుండా చూసుకోవటం రెండో పని. పునాదికి ముగ్గు పోసే రోజున ఆ ఇంటి స్త్రీ అక్కడ నిలబడి, తలుపు ఎటు, పొయ్యి ఎక్కడ, నీళ్లు ఎటు పోవాలి అని చెప్పాలి. ఒకే నమూనా కాక రెండు మూడు ఉండాలి. లోపల గడియ ఉన్న స్నానాల గది, పొగ పోయే దారి, ఎండ తగిలే ఖాళీ నేల ఆ నమూనాల్లో రాతపూర్వకంగా ఉండాలి. ఒంటరి స్త్రీలకి, భర్త వదిలేసినవాళ్లకి "కుటుంబం లేదు" అనే మాట చెప్పి జాబితాలోంచి తీసేయకూడదు.

ఇదే జిల్లాలో దూబగుంట స్త్రీలు సారా వద్దన్నప్పుడు వాళ్లను ఎవరూ అభిప్రాయం అడగలేదు. వాళ్లే చెప్పారు. ఆ మాట ఊరూరా పాకి 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇంటి ప్లాను గురించి అడిగేదాకా మనం మాత్రం ఎందుకు ఆగాలి? ఈ మూడు నెలల్లో మీరు పనిచేసే ఊళ్లో ఒక సాయంత్రం స్త్రీలతో నేల మీద ఇల్లు గీయించండి. ఆ బొమ్మల్ని కాగితం మీదకు ఎక్కించి, వాళ్ల సంతకాలతో మండల హౌసింగ్ అధికారికి ఇవ్వండి, ఒక నకలు మాకు పంపండి. వచ్చే సంచికలో వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.