గ్రంథసూచిలో మన స్థానమెక్కడ?

నేను పండితుడను కాను. గ్రంథాలయ శాస్త్రము చదివినవాడను అంతకంటె కాను. మెట్రిక్యులేషను ముగించి గుమాస్తాగా ప్రవేశించి, దస్త్రముల గదిలో జీవితకాలము గడపి విశ్రాంతి పొందినవాడను. కాగితమును భద్రపరచుట వేరు, కావలసినప్పుడు దొరకునట్లు ఉంచుట వేరు అను సత్యమొక్కటి ఆ గది నాకు నేర్పినది. ఒకమారు భర్తను కోల్పోయిన ఒక ఇల్లాలి పింఛను కట్ట వేరొక పద్దు క్రింద చేరిపోయి రెండేండ్లు కనబడలేదు. కట్ట గదిలోనే ఉన్నది. చినుగలేదు, చెదలు పట్టలేదు. అట్టమీద వ్రాసిన మాట ఒక్కటి తప్పు. ఆ ఒక్క మాటకై ఆమె రెండేండ్లు మా మెట్లెక్కి దిగినది. మన పుస్తకముల గతియు నేడు సరిగా అట్లే ఉన్నదని చెప్పుటకే ఈ వ్యాసము.

గత సంవత్సరము కళాశాలలో చదువుచున్న నా మనుమరాలు మన వారి వలసను గూర్చి వ్యాసము వ్రాయవలసి వచ్చినది. ఆమె ఇంట తెలుగు మాటలాడును. చదువుట, వ్రాయుట తమిళమే. ఒక గ్రంథాలయమునకు పోయి, అచటి కంప్యూటరులో "తెలుగు" అని వెదకగా వ్యాకరణములు, నిఘంటువులు, కొన్ని నవలలు వచ్చినవి. ఇంటికి వచ్చి, "తాతా, మనకు చరిత్రే లేదంట" అన్నది. ఆ మాట నా గుండెలో ముల్లువలె నాటుకొన్నది.

తరువాత నేనే పోయి చూచితిని. అదే భవనములో కి. రాజనారాయణన్ వ్రాసిన "గోపల్ల గ్రామం" ఉన్నది. 1976లో వెలువడిన ఆ తమిళ నవల, తెలుగుదేశము విడిచి దక్షిణమునకు వచ్చి అడవి నరికి ఊరు కట్టుకొన్న మన వారి కథ. దాని తరువాతి నవల "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. పుస్తకము తమిళ నవలల అరలో ఉన్నది, అది న్యాయమే. కాని "తెలుగువారు, తమిళనాడు, వలస" అను విషయ శీర్షిక దానికి సూచిలో తగిలింపలేదు. అందుచేత వెదకిన పిల్లకు అది లేనట్లే అయినది.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. వర్గసంఖ్య పుస్తకమునకు అరలో చోటు చూపును. ఆ చోటు ఒక్కటే. విషయ శీర్షికలు అట్లు కావు. అవి ఇంటికి పెట్టిన ద్వారముల వంటివి, ఎన్నియైనను పెట్టవచ్చును. మన పుస్తకములకు చోటు దొరకినను ద్వారములు పెట్టినవారు లేరు.

అమెరికా దేశస్థుడగు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణమున తమిళ సాహిత్యమునకు నేడు 894.811, తెలుగు సాహిత్యమునకు 894.827 అను సంఖ్యలున్నవి. ఈ పద్ధతిలో సాహిత్యమును మొదట భాషను బట్టి, పిదప ప్రక్రియను బట్టి, ఆపై కాలమును బట్టి విభజింతురు. వ్రాసిన ఊరికి అందు ప్రాముఖ్యము లేదు. కనుక 1706 మొదలు 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుని కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు వ్రాసిన గ్రంథములు పదునెనిమిదవ శతాబ్దపు తెలుగు గ్రంథములుగా మాత్రమే నిలుచును. మధుర నాయకుల పేరు వినబడదు. "రాయవాచకము" మాట చూడుడు. అది కృష్ణదేవరాయల కథ. అయినను అది 1600 ప్రాంతమున మధుర నాయకుల కొలువులో పుట్టినదని ఫిలిప్ వాగనర్ 1993లో సోపపత్తికముగా వాదించెను. దానిని "విజయనగరము" అను ఒక్క శీర్షిక క్రింద ఉంచినచో, మధురలో నివసించు తెలుగు బాలునకు అది తన ఊరి పుస్తకమని ఎట్లు తెలియును?

ఇది డ్యూయీ దోషమేయని కొందరనవచ్చును. డ్యూయీ పద్ధతి నిర్దోషమని నేననను. మతములకిచ్చిన 200 వర్గములో అధికభాగము క్రైస్తవమునకే కేటాయించి, హిందూమతమును 294.5 అను ఇరుకు గదిలో ఉంచినది ఆ పద్ధతియే. కాని మన విషయమున అది మనకు పీట వేసియే ఉంచినది. 305.8 జాతి సమూహములకు గుర్తు. దానికి తెలుగువారిని తెలుపు 94827 చేర్చి, నడుమ సున్న పెట్టి, తమిళనాడును తెలుపు 5482 చేర్చినచో 305.89482705482 అగును. తమిళనాటి తెలుగువారికి అది సొంత చిరునామా. పీట ఉన్నది, కూర్చుండబెట్టువారు లేరు. పొడుగు సంఖ్యను వ్రాయుటకు విసుగుపడి మొదటి నాలుగంకెలతో ఆపివేసినచో, లోకములోని సమస్త జాతుల పుస్తకముల నడుమ మనది కలిసిపోవును.

అంతకంటె పెద్ద కీడు కులము పేరిట చెదరిపోవుట. థర్స్టన్ 1909లో ఏడు సంపుటములలో దక్షిణదేశపు కులములను అక్షరక్రమమున పేర్చినది మొదలు ఆ త్రోవయే పలువురకు అలవాటైనది. కమ్మవారు ఒకచోట, బలిజలు ఒకచోట, దేవాంగులు, రెడ్లు, రాజులు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు తలకొక చోట. వీరి ఇండ్లలో వినిపించు మాట తెలుగే అను సంగతిని తెలుపు శీర్షిక లేనిచో, ఆ బంధము పుస్తకములలో సైతము తెగిపోవును.

"కంప్యూటరు ఉండగా ఈ శీర్షికలెందులకు? పేరు కొట్టిన చాలును, అన్నియు వచ్చును" అని మన సంఘములలోని యువకులు నన్ను పరిహసింతురు. అయ్యా, యంత్రము అక్షరములను పోల్చును గాని అర్థమును తనంత తాను ఎరుగదు. పాత తమిళ గ్రంథములలో మనము "వడుగర్", కుంపిణీ కాలపు ఆంగ్లేయుల కాగితములలో "జెంటూలు", మరికొన్నింట "ఆంధ్రులు". "తెలుగు" అని వెదకువానికి ఈ మూడును ఎట్లు దొరకును? ఇవన్నియు ఒక్క ప్రజ పేర్లేయని తెలిసిన మనుష్యుడొకడు సూచిలో ముడివేసినప్పుడే దొరకును. ఆ ముడియే విషయ శీర్షిక.

మనుష్యుల పేర్ల చిక్కు మరియొకటి. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు. సూచిలో ప్రవేశము దాని క్రిందనే. మనమో, ఇంటిపేరును పెండ్లి పత్రికకు విడిచి, తండ్రి పేరి మొదటి అక్షరముతో వ్యవహరింతుము. నాయుడు ఒకచోట నాయకర్, వేరొకచోట నాయక్కర్. ఒకే రచయిత మూడు పేర్లతో మువ్వురగును. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరమగుటచే గోపాలుడు కోపాలుడైనను ఆశ్చర్యము లేదు. కావున ప్రతి రచయితకు ఒక నిర్ణీత రూపమును, మిగిలిన రూపములనుండి దానికి దారిచూపు సూచనలను, తెలుగు, తమిళ, ఆంగ్ల లిపులు మూడింటను ఉంచవలెను. మన మనుమలు తెలుగు వినగలరు, చదువలేరు. వారికి తెలుగు లిపి ఒక్కటే ఉన్న సూచి తాళము వేసిన తలుపే.

ఇది తమిళులతో పోరు కాదు. రాజనారాయణన్ తమిళుల గర్వకారణము; ఆయనను తమిళపు అరనుండి కదల్పుడని ఎవరును కోరరు. మనము కోరునది అదనముగా ఒక ద్వారము మాత్రమే. వర్గీకరణ సూత్రములలో బహుముఖమైన విషయమును ముక్కలుగా విడదీసి మరల కూర్చు మార్గమును 1933లో తన ద్విబిందు వర్గీకరణమున చూపినవాడు తంజావూరు మండలమునందలి శియాళిలో పుట్టిన రంగనాథన్. భాష, ప్రదేశము, కాలము, వీనిలో దేనిని విడువనక్కరలేదని లోకమునకు నేర్పిన ఆ తమిళుని శిష్యులనే మనము ఆశ్రయించుచున్నాము.

శీర్షికలు శిలాశాసనములు కావు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున వలసవచ్చినవారిని "చట్టవిరుద్ధ పరదేశులు" అను శీర్షికతో సూచించుచుండిరి. 2014లో డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు అభ్యంతరము చెప్పిరి. 2016లో మార్చుదుమని గ్రంథాలయము ప్రకటించెను, శాసనసభ్యులు అడ్డుపడిరి, తుదకు 2021 నవంబరులో మార్చిరి. విద్యార్థులకు సాధ్యమైనది మన సంఘములకు అసాధ్యమా?

అయితే అడుగుటకు ముందు మన చేతులు కడుగుకొనవలెను. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము స్థాపించి, 1935లో కాలువలపై పడవలో పుస్తకములు పంపిన జాతి మనది. మనమేమి చేయుచున్నాము? ప్రత్యేక సంచిక అచ్చువేసి, ఇంటికొకటి పంచి, మిగిలినవి బీరువాలో పెట్టి తాళము పోగొట్టుకొనుచున్నాము. 1954 నాటి చట్టము ప్రకారము అచ్చయిన ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మొదలగు మరి మూడు గ్రంథాలయములకును పంపవలెను. పుస్తకమే చేరనిచో శీర్షిక ఎక్కడినుండి పుట్టును?

కావున నా విన్నపము మూడు మాటలు. ఈ సంచిక మొదలు మన ప్రతి ప్రచురణమును ఆ నాలుగు గ్రంథాలయములకు పంపవలెను. కోయంబత్తూరు, మధుర సంఘములు రెండును కలిసి తమ బీరువాలలోని పుస్తకములకు మూడు లిపులలో విషయ సూచి సిద్ధము చేయవలెను. విశ్రాంతి పొందిన నావంటి గుమాస్తాలు ఊరూర కలరు, జీతమక్కరలేదు. మధురలో 2023 జూలై 15న తెరువబడిన కలైఞర్ శతాబ్ది గ్రంథాలయమునకును, కోయంబత్తూరులో 2024 నవంబరులో శంకుస్థాపన జరిగిన పెరియార్ గ్రంథాలయమునకును ఆ సూచిని తీసికొనిపోయి, మర్యాదగా, పట్టుదలతో, మన శీర్షికను కోరవలెను.

ఆ ఇల్లాలి కట్ట దొరకిన నాడు నేను చేసిన పని అట్టమీది మాటను కొట్టివేసి సరియైన మాట వ్రాయుట మాత్రమే. క్షణకాలపు పని. ఆ క్షణమునకై ఆమె రెండేండ్లు కాచుకొన్నది. మన పిల్లలను ఇంకెన్నేండ్లు కాచుకొనుడని చెప్పుదుము?