అమెరికా టికెట్ ఎవరు కొన్నరు?



మొన్న ఫిబ్రవరి 28, సైన్స్ డే నాడు జగిత్యాలల ఓ కాలేజీకి పోయిన. పేరు రాయను, అన్ని కాలేజీలల జరిగేది అదే. పెద్దసారు ఒకాయన యల్లాప్రగడ సుబ్బారావు కథ చెప్తున్నడు. భీమవరంల పుట్టిండు, పేదోడు, మెట్రిక్ తప్పిండు, అయినా అమెరికా పోయి గొప్పోడైండు. పట్టుదల ఉంటే మీరూ కావచ్చు. చప్పట్లు.

కోరుట్ల నుంచి వచ్చిన ఓ చెల్లె లేచింది. వాళ్లమ్మ బీడీలు చేస్తది. "సార్, ఆయనకు అమెరికా టికెట్ ఎవరు కొన్నరు?"

సారు నవ్విండు. "పట్టుదల ఉన్నోనికి పైసలు అవే వస్తయమ్మా."

రాలే సారూ. కాకినాడల మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చింది, మామగారు కొంత సర్దిండు. ఆ నాయకర్ మత్స్యకార కులపాయన, బర్మా పోయి సంపాదించి, ఆస్తిని ధర్మానికి రాసిపోయిండు. బ్రాహ్మణ పిల్లగాని సైన్సుకు ఆ పైసలు దారిఖర్చు అయినయి. కథల నుంచి ముందుగాల మాయమైంది ఆయన పేరే!

అసలు కథ ఇంకా ఉంది. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చి, మద్రాసుల ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతుల పెట్టిన్రు. 1923ల బోస్టన్ పోతే ఆ కాగితం ఎక్కువ పనికి రాలే, ఆసుపత్రిల రాత్రి పోర్టర్ పని చేసిండు. భాస్వరం కొలిచే ఫిస్కె–సుబ్బారావు పద్ధతి ఆయనదే. కండరాలల ఏటీపీ మీద పని చేసిండు. అయినా హార్వర్డ్ పర్మనెంట్ కొలువు ఇయ్యలే. 1940ల లెడర్లీ కంపెనీకి పోయిండు. బోదకాలు మందు, మెథోట్రెక్సేట్ ఆ ల్యాబ్ పనే. 1948ల పోయిండు, 53 ఏండ్లకే.

గిట్ల చెప్తే ఆ చెల్లెకు ఎన్ని తెలుస్తుండె! ఏ డిగ్రీ ఎక్కడ చెల్లుతది, ఫెలోషిప్‌కు ఎవరి తలుపు కొట్టాలె, కొలువు ఇయ్యకుంటే తప్పు నాదేనా కాదా. పట్టుదల ముచ్చట మాత్రం ఆమెకు కొత్తది కాదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే అమ్మ బిడ్డకు పట్టుదల మీద క్లాసు పీకుడేంది?

కథలు వద్దంటలేను. పెద్దింటి పిల్లలు అన్నం తినుకుంట మామ ల్యాబ్ సంగతి, అత్త వీసా సంగతి వింటరు. మనింట్ల కూలి లెక్కలు వింటం. అందుకే మనకు కథలు ఇంకా ఎక్కువ కావాలె, పూర్తిగా కావాలె. మేఘనాథ్ సాహా కథ చెప్తే ఆయన సమీకరణంతో పాటు, కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్ల కులం పేరు మీద ఆయన్ని పక్కకు కూసోబెట్టి తినిపిచ్చింది చెప్పాలె. బాబాసాహెబ్ 1913ల కొలంబియా పోయింది బరోడా ఫెలోషిప్ మీద, నెలకు 11.5 పౌండ్లు. ఆ అంకె చెప్పాలె.

ఆగిపోయిన కథలు ఎవరు చెప్తరు? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఫిజిక్స్ పీహెచ్‌డీకి చేరిన సెంథిల్ కుమార్‌కు గైడే దొరకలే. 2008ల పోయిండు. రోహిత్ వేముల కార్ల్ సాగన్ లెక్క సైన్స్ రాయాలనుకున్నడు. 2016 జనవరి 17 నాటికి ఏడు నెలల ఫెలోషిప్ బకాయి. గైడ్, ఫెలోషిప్. ఈ రెండు మాటలు ఏ సైన్స్ డే ఉపన్యాసంల విన్నరు మీరు?

మన దగ్గర పొలాస పరిశోధన కేంద్రం ఉంది. ఉల్లికోడును తట్టుకునే జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 1798, అక్కడిదే. వరి సంకరం అంటే పూత పూతకూ కేసరాలు తీసే పని, కూలి చేతుల ఓపిక లేకుండ ఏ పరిశోధన పొలమూ నడవదు. కోరుట్లల వెటర్నరీ కాలేజీ, సిరిసిల్లల బాబూ జగ్జీవన్‌రామ్ పేరు మీద వ్యవసాయ కాలేజీ. మనోని పేరు గేటు మీదుంది. లోపల మన పిల్లలకు రీసెర్చి దారి చూపేది ఎవరు?

పీహెచ్‌డీ చేసిన అన్నలారా, అక్కలారా, మధ్యల ఇడిచిపెట్టినోళ్లారా (మీరు తప్పక), మీ కథ రాసి పంపుర్రి. ఎవరు పైసలిచ్చిన్రు, గైడ్ ఎన్ని నెలలకు దొరికిండు, ఎక్కడ దెబ్బ తిన్నరు, అన్నీ. పేరు వద్దంటే తీసేస్త. మొదటి కథ కోరుట్ల చెల్లెకు చదివి వినిపిస్త, ఆమె అడిగే ప్రశ్నలు వచ్చే భాగంల పెడత.