హెచ్‌పీయా, డెల్లా? ముందు పిన్‌కోడ్ చూడండి

కుప్పానికి హెచ్‌పీ కొత్త కాదు. 2002లోనే రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ పేరిట అక్కడ కంప్యూటర్ కేంద్రాలు తెరిచింది. పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటర్ ఇచ్చి ఊళ్లోనే ఫొటోలు తీయించింది. డెల్ 2007లో శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీ పెట్టింది.

ఆ చరిత్ర చూసి లాప్‌టాప్ కొనేవాళ్లు ఎవరూ ఉండరనుకోండి. కానీ మదనపల్లెలో ఇంజనీరింగ్ సీటు రాగానే ఇంట్లో మొదలయ్యే వాదన మాత్రం పేరు మీదే. మూత విప్పితే రెండింట్లోనూ ఎక్కువగా ఉండేది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరే. తేడా మోడల్‌లో ఉంటుంది. ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తే తర్వాత పెంచుకునే దారి లేదు, నాలుగేళ్లూ 8 జీబీతో ఈడ్చాల్సిందే. వెలుగు 250 నిట్సే ఉన్న స్క్రీనైతే వరండాలో ఎండపూట అక్షరాలు వెలవెలపోతాయి.

షాపులో ఎవరూ చదవనిది వారంటీ కాగితం.

‘ఆన్‌సైట్’ అంటే టెక్నీషియన్ ఇంటికొస్తాడు. ‘క్యారీ-ఇన్’ అయితే పుంగనూరు నుంచి సర్వీస్ సెంటరున్న ఊరికి మనమే మోసుకెళ్లాలి. కుప్పం వాళ్లకు బెంగళూరు రైలైనా ఉంది. ఆన్‌సైట్ అని రాసున్నా, మన పిన్‌కోడ్‌కు అది వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే కంపెనీకి ఫోన్ చేసి అడగాలి.